నూట తొమ్మిది వాగ్దానాలు

వాగ్దానాల పెట్టెలోని ఇత్తడి పట్టకారుతో మా అత్తగారు చేపముళ్ళు తీశారని ఆ మంగళవారం మధ్యాహ్నం మా ఇంట్లో గొడవ మొదలైంది.

"దేవుడి వాక్యం తీసే పట్టకారు గదా అది," అన్నారు మామగారు, కంచం ముందు నుంచి లేవకుండానే. "దాంతో చేపముళ్ళు తీస్తావా, మగ్దలీనా?"

"ఎవురికోసం తీస్తా ఉండా? మీ కంటికి ముల్లు ఆనదు. పోయిన వారం గొంతులో దిగబడి గుడ్లు తేలేస్తే వీపు మీద గుద్దింది ఎవురు?"

"నిన్న కూడా దీంతోనే తీసినావా?"

"నిన్న మీరు ముల్లు లేకుండా తిన్నారా లేదా?"

 మామగారి కోపానికి అసలు కారణం పట్టకారు కాదని మా అందరికీ తెలుసు. ఆ పొద్దున ప్రార్థనలో ఆయనకు వలలు వదిలి ప్రభువు వెంట నడిచిన జాలరుల వాక్యం వచ్చింది. వాక్యం ఉన్న కాగితపు చుట్ట విప్పగానే గుప్పున చేపల వాసన. ఆయన కళ్ళు చెమర్చాయి. వాక్యంతోపాటు గలిలయ సముద్రపు గాలి కూడా వచ్చిందని మాకు చెప్పి, చర్చి అయ్యగారికి చెప్పి, లోకోషెడ్డు గేటు దగ్గర టీ బంకులో పదిమందికి చెప్పి వచ్చారు. ఇప్పుడు ఆ పదిమందికీ తిరిగి వెళ్ళి ఏం చెప్పాలన్నది ఆయన బాధ.

"రేపు టీ బంకుకి ఏ మొహం పెట్టుకొని పొయ్యేది?" అన్నారు చివరికి.

"ఈ మొహమే," అన్నారు అత్తగారు, ఇంకో ముల్లు తీసి పక్కన పెడుతూ.

ఇది అరవై ఒకటిలో మాట. మా ఆయన ఆనందబాబు బిట్రగుంట లోకోషెడ్డులో గుమాస్తా. రెండు గదుల రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మామగారు చెంచయ్య మాస్టారు మిషను బడిలో ముప్పై నాలుగేళ్ళు చదువు చెప్పి రిటైరై మా దగ్గరికి వచ్చేశారు. వస్తూ రెండు వస్తువులు తెచ్చుకున్నారు. ఒకటి బడిలోని పాత బెంచీ. దాని మీద కూర్చునే మేం అన్నాలు తినేవాళ్ళం. రెండోది వాగ్దానాల పెట్టె.

నాలుగు అగ్గిపెట్టెలు కలిపితే ఎంతుంటుందో అంత చెక్కపెట్టె అది. స్వదేశం వెళ్ళిపోతున్న దొరసానమ్మ ఒకావిడ ఆయనకు ఇచ్చింది. లోపల కాగితపు చుట్టలు అగ్గిపుల్లల్లా నిలబడి ఉంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం అచ్చు వేసి ఉంటుంది. పొద్దున ప్రార్థనలో పట్టకారుతో ఒకటి లాగి, చదివి, మళ్ళీ చుట్టి పెట్టెయ్యాలి. మొదట వంద ఉండేవి. మూడింటిని పురుగులు తినగా తొంభై ఏడు మిగిలాయి. ఏటా క్రిస్మసుకు ముందు పెట్టె దులిపేది నేనే కనక ఆ లెక్క నాకు తెలుసు.

"సత్యం ఒకటే," అనేవారు మామగారు. "దానికి పక్క సందులు ఉండవు."

సత్యం సంగతి ఏమో గాని మా ఇంటికి మాత్రం సందులు చాలానే ఉండేవి. రొట్టె గురించిన వాక్యం వచ్చిన రోజున అత్తగారు బేకరీకి మనిషిని పంపేవారు. అది ఆత్మకు సంబంధించిన రొట్టె అని మామగారు వాదించి, వాదన అయ్యాక రెండు ముక్కలు తినేవారు. నిశ్చలంగా ఉండమన్న వాక్యం వస్తే మా ఆయన షెడ్డుకు సెలవు పెట్టేవారు. నేను బి.ఏ.లో తర్కశాస్త్రం చదివినదాన్ని. ఇవన్నీ చూస్తూ లోలోపల నవ్వుకునేదాన్ని. వాక్యాన్ని చూసి నవ్వింది మాత్రం ఎప్పుడూ లేదు.

అయితే ఆ మంగళవారం పట్టకారు గొడవ అంతటితో ఆగలేదు. ఎందుకంటే బెంచీ చివర మా ఆడబిడ్డ నవోమి ఒళ్ళో ఒక ఉత్తరం పెట్టుకుని కూర్చుని ఉంది.

నెల్లూరులో ఒక ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకు సీటు ఇచ్చామని ఆ ఉత్తరం. వచ్చే సోమవారం పొద్దున పది గంటలకల్లా తండ్రిని వెంటబెట్టుకొచ్చి సంతకం పెట్టించాలి. పెట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. నవోమికి పందొమ్మిదేళ్ళు. ఉత్తరం వచ్చిన రోజు నుంచి దొరికినదానికల్లా కట్లు కట్టేది. మంచం కోళ్ళకు కట్లు. చీపురుకు కట్టు. ఒకరోజు మామగారు మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి మోచేతి నుంచి మణికట్టు దాకా తెల్లగా చుట్టి ఉంది. ఆయన దెబ్బ ఎప్పుడు తగిలిందా అని కాసేపు కంగారు పడ్డారు.

ఇంట్లో ముగ్గురివీ మూడు మాటలు. వెంకటాచలంలో ఒక బడిపంతులు సంబంధం ఉంది, పెళ్ళి చేసెయ్యాలని అత్తగారు. ఆ అబ్బాయిలో ఆవిడకు నచ్చిన గుణం, నిదానంగా నమిలి తింటాడని. మామగారి అక్క రెబెక్కమ్మగారు తడలో ఒంటరిగా ఉంటూ ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు సువార్త చెప్పేవారు. నవోమిని తన వెంట పంపితే సేవలో తోడుంటుందని, పనిగట్టుకుని రైలెక్కి వచ్చి పది రోజులుగా మా ఇంట్లోనే ఉన్నారు. నేను నవోమి పక్షం. మా ఆయన ఎవరు ఎదురుగా ఉంటే వాళ్ళ పక్షం.

మామగారు మాత్రం ఏమీ తేల్చలేదు. ముగ్గురు అయ్యగార్లను అడిగారు. ఒకాయన పంపమన్నారు, ఒకాయన పెళ్ళి చెయ్యమన్నారు, మూడో ఆయన రెండుసార్లు కాఫీ తాగి ప్రార్థన చేసి వెళ్ళారు.

"మాటలు చాలు," అన్నారు మామగారు చెయ్యి కడుక్కుని. "ఆదివారం గుడి నుంచి వచ్చినాక, అన్నాల ముందు, పెట్టెలోంచి ఒక్క వాక్యం తీస్తా. అది ఏం చెబితే అది. అందాకా పెట్టె తెరిచేది లేదు. ఇంక ఎవురూ నోరెత్తేది లేదు."

"మామయ్యా, ఆ తొంభై ఏడింటిలో నర్సు ట్రైనింగు మాట ఒక్కటీ లేదు గదా," అన్నాను.

"దేవుడు తర్కం పరీక్ష పాసై రాలేదమ్మాయ్. ఆయన చెప్పేది ఆయన చెబుతాడు."

నవోమి ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది. "సరే నాయనా," అంది. అంతే అంది.

ఆ వారం మా ఇంట్లో భక్తి విపరీతంగా పెరిగింది.

బుధవారం పొద్దున ముందుగదిలోకి వెళ్ళేసరికి రెబెక్కమ్మగారు పెట్టె ఉన్న అలమర ముందు నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే చేతులు జోడించారు.

"ప్రార్థన చేసుకుంటా ఉండా," అన్నారు.

"కళ్ళు తెరిచా, పెద్దమ్మా?"

"మెలకువగా ఉండి ప్రార్థన చెయ్యమన్నాడు గదా." అని ఒక పెద్ద తుమ్ము తుమ్మారు. ఆవిడకు ముక్కుపొడి అలవాటు.

అదే రోజు మధ్యాహ్నం మామగారు అత్తగారిని పెరట్లో బట్టలు తడుస్తున్నాయేమో చూడమని పంపారు. ఆకాశంలో మబ్బు లేదు. నవోమిని పక్కింటి నాగూర్‌బీ పిలిచిందని పంపారు. నాగూర్‌బీ పిలవలేదు. నన్ను పాలు పొంగుతున్నాయేమో చూడమన్నారు. పొయ్యి మీద పాలు లేవు. నేను వెళ్ళి లేని పాలను చూసి వచ్చేసరికి ఆయన కిటికీలోంచి గూడ్సుబండిని చాలా శ్రద్ధగా చూస్తూ నిలబడి ఉన్నారు.

శుక్రవారం పప్పుకు పోపు వేద్దామని పోపులపెట్టె మూత తీశాను. ఆవాల గిన్నెలో తొమ్మిది కాగితపు చుట్టలు. ఒక్కొక్కటి విప్పి చూశాను. లేచి వెళ్ళమనే వాక్యాలు, దారి చూపిస్తాననే వాక్యాలు, ప్రయాణంలో తోడుంటాననేవి. కదలమని చెప్పే వాక్యం ఒక్కటి కూడా పెట్టెలో మిగలకుండా ఏరేశారు. మా అత్తగారికి రాయడం రాదు. అచ్చు అక్షరాలు మాత్రం కూడబలుక్కుని చదువుతారు. ఆ తొమ్మిదింటినీ వెతికి పట్టుకోవడానికి ఆవిడకు ఎన్ని గంటలు పట్టి ఉంటుందో తలుచుకుంటే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

వాటిని తిరిగి పెట్టెలో పెట్టేశాను. అది న్యాయమే. తీసినదాన్ని తీసినచోట పెట్టడంలో తప్పు లేదు. అక్కడితో ఆగితే ఈ కథలో నేను తలెత్తుకుని తిరిగేదాన్ని.

ఆగలేదు. ఒకరు తొమ్మిది తీశారంటే ఇంకెవరు ఏం చేశారోనని అనుమానం వచ్చింది. తూకం సరిచెయ్యాలి కదా అనిపించింది. తెల్లకాగితం సన్నగా కత్తిరించి, రోగులను పరామర్శించినవాళ్ళ గురించి ప్రభువు చెప్పిన మాటను అచ్చు అక్షరాల్లాగే రాశాను. ఉన్న వాక్యమే కదా, నేను పుట్టించింది కాదు కదా అని చెప్పుకున్నాను. కాగితం మరీ కొత్తగా ఉందని టీ డికాక్షన్లో ముంచి కిటికీలో ఆరబెట్టాను. గాలికి అది పెరట్లోకి ఎగిరిపోయింది.

కాసేపటికి నవోమి దాన్ని తెచ్చి ఇచ్చింది. "వదినా, పెట్టెలోది రాలిపడినట్టుండాది."

"అవునా, ఇటియ్యి," అన్నాను. ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయాను.

శనివారం అత్తగారు ఆవాల గిన్నె తీసి, వంచి, వేలితో కెలికి, నా వైపు చూశారు. నేను కూరలు తరుగుతున్నాను. ఆవిడ అడగలేరు, నేను చెప్పలేను. ఆ పూట చారులో ఇద్దరం విడివిడిగా ఉప్పు వేశాం.

ఆదివారం గుడి నుంచి వచ్చాం. చేపల పులుసు బల్ల మీద పెట్టాను. అందరం బెంచీ మీదా, కుర్చీల మీదా కూర్చున్నాం. మామగారు పెట్టె తెచ్చి మధ్యలో పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. చాలా పెద్ద ప్రార్థన. పులుసు మీద నూనె తెట్టు కట్టింది. నవోమి మధ్యవేలుకు తనే కట్టుకున్న కట్టును ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంది.

ఆమెన్ అని మామగారు మూత తీయబోయారు. రాలేదు. గోరుతో ఎత్తారు. రాలేదు.

"తేమకి ఉబ్బినట్టుంది," అన్నారు మా ఆయన, అవసరానికన్నా తొందరగా.

చివరికి మూత వచ్చింది. పట్టకారుతో ఒక చుట్టను పట్టి లాగారు. అన్నీ కూరుకుపోయి ఉన్నాయి, కదల్లేదు. పెట్టెను కడుపుకు ఆనించుకుని బలంగా లాగారు. ఒకటి ఊడి వచ్చింది. దాంతోపాటు పెట్టె తలకిందులైంది. ఇన్నాళ్ళూ ఊపిరాడక బిగబట్టినట్టున్నాయి, చుట్టలన్నీ ఒక్కసారిగా బల్లంతా ఎగిరిపడ్డాయి. సరిగ్గా అప్పుడే తూర్పు కిటికీలోంచి సముద్రపు గాలి తోసుకొచ్చింది. కొన్ని అన్నం గిన్నెలో పడ్డాయి, కొన్ని రెబెక్కమ్మగారి ఒళ్ళో పడ్డాయి, మూడు పులుసులో తేలాయి.

అందరం వంగి ఏరడం మొదలుపెట్టాం. నా అలవాటు కొద్దీ ఏరుతూనే లెక్కపెట్టాను. మామగారి చేతిలోదానితో కలిపి నూట తొమ్మిది.

మామగారు కదలకుండా కూర్చుని ఉన్నారు. చేతిలోని చుట్ట విప్పారు. చదివారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివారు.

"ఏమొచ్చింది నాయనా?" అంది నవోమి.

ఆయన ఆ కాగితం వైపే చూస్తున్నారు. ఆయన చదివి వినిపిస్తే అక్కడితో అయిపోతుంది. కాగితం ఇంకెవరి చేతిలోనూ లేదు, చూపించమని ఎవరూ అడగరు. నోరెత్తేది లేదని ముందే అన్నారు. నేను ఆయన ముఖాన్నే చూస్తున్నాను.

"దీన్ని చదవను," అన్నారు. "ఇది నా చేతిరాత."

ఎవరికీ అర్థం కాలేదు.

"బిడ్డ తండ్రి దగ్గిరే ఉండిపోయే వాక్యం. బుధవారం మిమ్మల్నందరినీ బయటికి పంపి రాసి పెట్టినా. ముప్పై నాలుగేళ్ళు కాపీ కొట్టినోళ్ళని బెంచీ ఎక్కించినా. ఇప్పుడు నేనే కాపీ కొట్టినా."

అని లేచి, పంచె సవరించుకుని, బెంచీ ఎక్కి నిలబడ్డారు. డెబ్బయికి దగ్గరపడిన మనిషి. తల పైన వేలాడే బల్బుకు తగిలింది. చేతులు కట్టుకున్నారు.

"దిగండి, పడతారు," అన్నారు అత్తగారు.

"దిగను. ఇది పిల్లోళ్ళకేనా?"

అత్తగారు ఆయన్ని అలా చూడలేకపోయారు. "అయితే నేనూ ఎక్కాల్సిందే," అన్నారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "నేను పెట్టలేదు, తీసినా. తొమ్మిది. ఆవాల్లో దాచినా. ఎవురు మళ్ళా తీసినారో ఆ దేవుడికే తెలియాల."

"దేవుడితోపాటు నాకూ తెలుసు అత్తయ్యా," అన్నాను. అత్తగారికి చెయ్యి అందించి బెంచీ ఎక్కించి, ఆవిడ పక్కన నేనూ ఎక్కాను. టీ డికాక్షన్ సంగతి చెప్పాను. తర్కశాస్త్రం చదివిన కోడలు అబద్ధపు వాక్యాన్ని టీలో ఉడకబెట్టిందని మామగారు నా వైపు చూసిన చూపు ఇంతవరకూ మరిచిపోలేదు.

ఇంతలో మా ఆయన తన చేతిలోని మూడు చుట్టలను వెనక దాచడం రెబెక్కమ్మగారు పట్టేశారు. ఊదారంగు రైల్వే పెన్సిలుతో రాసినవి.

"మూడెందుకురా, ఆనందూ?"

"ఒకటి అమ్మ కోసం, ఒకటి నీ కోసం అత్తా, ఒకటి నవోమి కోసం," అన్నారు మా ఆయన నేల చూస్తూ. "ఏది వచ్చినా నాదేనని చెప్పొచ్చు గదా అని."

ఆయనా ఎక్కేసరికి బెంచీ బరువుకు కిర్రుమంది. మామగారు బల్బును రెండు చేతులా పట్టుకున్నారు.

రెబెక్కమ్మగారు ఒళ్ళోని చుట్టలను దులిపారు. ఒళ్ళోవి అయిదు, పులుసులోవి రెండు, మొత్తం ఏడు చుట్టలు మిగతావాటికన్నా లావుగా ఉన్నాయి, ఆదివారపు బడి అట్టకార్డులు కత్తిరించి చేసినవి. వాసన చూడక్కర్లేకుండానే ముక్కుపొడి అని తెలుస్తోంది. అందరం ఆవిడ వైపు చూశాం.

"నా మోకాళ్ళు సంగతి మీకు తెలుసు," అన్నారు ఆవిడ. "నేను కిందే కూచుంటా, ఎక్కినట్టు లెక్కేసుకో తమ్ముడా."

మొదట నవ్వింది అత్తగారు. తర్వాత నేను. బెంచీ మీద నలుగురం ఒకరినొకరు పట్టుకుని, ఒకరు నవ్వితే నలుగురం ఊగుతూ, పడిపోతామని కేకలు పెడుతూ నిలబడ్డాం. మామగారు నవ్వకుండా ఉండాలని పెదవులు బిగించి, బిగించినవి ఆగక, బల్బు వదిలేసి కళ్ళు తుడుచుకున్నారు.

నవోమి ఒక్కతే నవ్వలేదు. కూర్చుని మమ్మల్ని వరసగా చూస్తోంది.

"నువ్వు ఏం పెట్టినావు, అమ్మా?" అని మామగారు పైనుంచి అడిగారు.

"ఏం పెట్టలా నాయనా."

"ఎందుకని? సీటు నీది గదా."

"నాకు కావలసిందే వచ్చిందనుకో. అది నేను పెట్టినందుకు వచ్చిందో, ఆయన ఇచ్చినాడో ఎట్టా తెలుస్తుంది?" కట్టు ఉన్న వేలితో బల్ల మీది మెతుకును పక్కకు జరిపింది. "సోమవారం పొయ్యేదాకా ఏడవకూడదనుకున్నా. అంతే." అని నా వైపు తిరిగి, "టీ వాసన ఆ రోజే తెలిసింది వదినా," అంది. అప్పుడు ఏడ్చింది.

నవ్వు ఆగిపోయింది. మేం ఒక్కొక్కరం బెంచీ దిగాం. దిగడం ఎక్కినంత తేలిక కాలేదు. మా ఆయన మామగారిని నడుం పట్టుకుని దించారు.

నేను అన్నం వడ్డించాను. పులుసులో తేలిన మూడు వాక్యాలనూ అత్తగారు గరిటెతో తీసి, అరిటాకు ముక్క మీద ఆరబెట్టారు. వాటిలో ఒకటి మాత్రం అచ్చువేసినది, రెండు పెద్దమ్మవి. మూడూ నిజమే. బల్ల మీది నూట తొమ్మిదీ నిజమే, ఒక్కటి కూడా దేవుడు చెప్పనిది లేదు. మాకు కావలసినదాన్ని ఆయన నోట పెట్టాలని చూశాం, అదీ ఆయన మాటలతోనే. అన్నాలు కలుపుకున్నాం.

మామగారు నాలుగు ముద్దలు తిన్నాక కంచంలో చెయ్యి ఆపారు.

"సత్యం ఒకటే," అన్నారు. ఎప్పుడూ అనే మాటే. ఈసారి చాలా మెల్లిగా అన్నారు. "అది నా చేతిలో ఉండాదని ఇన్నేళ్ళూ అనుకున్నా. నా చేతిరాతనే నేను చదువుకుంటా ఉన్నానేమో."

"ఇప్పుడు మళ్ళీ ఇంకోటి తీస్తావా?" అన్నారు రెబెక్కమ్మగారు.

"తియ్యనక్కా. పెట్టె పొద్దున ప్రార్థనకే. నేను తేల్చాల్సినవి నేనే తేల్చాల. తప్పైతే ఆయన ముందు నేను నిలబడాల, పెట్టె కాదు." నవోమి వైపు తిరిగారు. "రేపు పొద్దున మొదటి పాసింజరుకి నెల్లూరు పోతా ఉండాం, నువ్వూ నేనూ. సంతకం పెడతా. వెంకటాచలం వాళ్ళకి ఆనందు ఉత్తరం రాస్తాడు. ఒకే ఉత్తరం రాయరా, మూడు కాదు."

అత్తగారు నవోమి ముఖంలోకి చూశారు. చేప ముక్క ఒకటి తీసి కూతురి కంచంలో వేశారు.

మామగారు పట్టకారును బల్ల మీద నుంచి తీసి, పంచె అంచుతో తుడిచి, అత్తగారి ముందు పెట్టారు.

"ఇది ఇంక వంటింట్లోనే ఉండనీ, మగ్దలీనా. వాక్యం రేపట్నించి చేత్తో తీసుకుంటాం," అని తన కంచం ముందుకు జరిపారు. "ఈ ముక్కలో ముల్లుందేమో చూడు. నాకు ఆనడంలా."